చెత్తకు రూటుంది, కూలోళ్ళకు రూటేది?

గుంటూరు చెత్త, విజయవాడ చెత్త లారీలెక్కి కొండవీడు పక్కకొస్తున్నాయి. యడ్లపాడు మండలంలో చెత్త కాల్చి కరెంటు తీసే కర్మాగారం పెట్టారు గదా, దానికి. పట్నం పారేసింది పల్లెకు చేరడానికి బండి ఉంది, డ్రైవరున్నాడు, డీజిలుకు డబ్బుంది. మరి ఆ పట్నాన్ని పొద్దున్నే ఊడ్చేవాళ్ళు, ఆస్పత్రుల్లో నేల తుడిచేవాళ్ళు, మేస్త్రి కింద ఇసుక మోసేవాళ్ళు ఎట్టా చేరుతున్నారు? ఆ లెక్క ఏ ప్లానులో ఉంది?

ప్లాన్లకేం తక్కువ లేదు. కొండవీటి చాంతాడంత ఉన్నాయి. 8,352 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్రాంతం గీశారు. విజయవాడ మెట్రోకి మొదటి దశ 38 కిలోమీటర్లు, రెండో దశ అమరావతి దాకా 28 కిలోమీటర్లు, రెండూ కలిపి 25 వేల కోట్ల రూపాయలని 2024లో లెక్క కట్టారు. అదే ఏడు అక్టోబరులో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలు మార్గానికి కేంద్రం ఒప్పుకుంది. గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల్లో దాదాపు 190 కిలోమీటర్ల రింగు రోడ్డు వేస్తామంటున్నారు. చాంతాడు పొడుగ్గానే ఉంది. అది మన పల్లె బావిలోకి దిగుతుందా, లేదా అన్నదే మన ప్రశ్న.

రింగు రోడ్డు ఎవరికి? కారున్నోడికి, లారీలున్నోడికి, రోడ్డు పక్కన ప్లాట్లేసి అమ్ముకునేవాడికి. మనకు దక్కేది రోడ్డు దాటలేని గోడ, పోయే అసైన్డ్ చెక్క. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2015లో తుళ్ళూరు చుట్టూ భూసమీకరణ జరిగినప్పుడు చూశాం. పట్టా రైతుకు ఒక లెక్క, అసైన్డ్ భూమి సాగుచేసుకునే దళితుడికి అంతకంటే తక్కువ లెక్క. సెంటు భూమి లేని కూలీకి నెలకు 2,500 రూపాయల పింఛను. పొలం పోయాక కూలి ఎక్కడ దొరుకుద్దో, అక్కడికి ఏ బండిలో పోవాలో ఎవరూ చెప్పలేదు.

ఇక కూలోళ్ళ బండి సంగతి. మిరపకోత కాలంలో పల్నాడులో తెల్లారుజామున నిలబడి చూడండి. నలుగురు కూచునే ఆటోలో పదిమంది. ట్రాక్టరు ట్రక్కులో ఆడోళ్ళు, టిఫిన్ గిన్నెలు, మిరపకాయ టిక్కీలు కలిసే ప్రయాణం. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో అట్టాంటి ట్రాక్టరే తిరగబడి నలుగురు ఆడకూలీలు చచ్చిపోయారు. మర్నాడు మంత్రులు సంతాపం చెబుతారు, అధికారులు ట్రాక్టరులో మనుషుల్ని ఎక్కించడం నేరమంటారు. నేరమే. ఎక్కడానికి బస్సు లేకుండా చేసినోడిది ఏ నేరం?

ఆ ట్రాక్టరు ఎవరిది? ఆసామిది. పని ఇచ్చేదీ అతనే, పనికి తీసుకుపోయేదీ అతనే. అతని బండెక్కి పోయినామె కూలి దగ్గర గట్టిగా మాట్లాడగలదా? రేపు పేరంటూ కులమంటూ గొడవొస్తే మొదట ఆగేది ఆ బండే. సాంఘిక బహిష్కారం రుచి చూసిన పల్లెలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బస్సు అట్టా కాదు. కండక్టరు టిక్కెట్టు అడుగుతాడు, కులం అడగడు. అందుకే బస్సు మనకు సౌకర్యం మాత్రమే కాదు, స్వతంత్రం.

బాబాసాహెబ్ అంబేద్కర్‌కి ఈ సంగతి పసితనంలోనే తెలిసింది. 1901లో అన్నతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో రైలు దిగితే, అంటరాని పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటేనే ఒకడు ఒప్పుకున్నాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా తోలేవాళ్ళు ఆయన్ను ఎక్కించుకోమన్నారు. అలవాటు లేని మనిషి తోలితే టాంగా తిరగబడి ఆయన కాలు విరిగింది. ఆసామి బండికి కులముంటుంది. జనం బండికి ఉండకూడదు. మన రాజకీయం అక్కడే మొదలవుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడోళ్ళకు టిక్కెట్టు లేదన్నారు. మంచిదే, దాన్ని మనం తిట్టం. కానీ రాని బస్సుకు టిక్కెట్టు ఉంటే ఏంది, లేకపోతే ఏంది?

కొందరు మనోళ్ళే అంటారు: "మెట్రో మనకెందుకన్నా, అది పట్నపోళ్ళ గొడవ" అని. ఆ మాట మానుకోండి. ఆ డబ్బు మన పన్నుల్లోంచీ పోతుంది, ఆ అప్పు మన పిల్లలూ తీరుస్తారు. హైదరాబాదు మెట్రో 2017లో మొదలైంది, 2025 మేలో చార్జీలు పెంచారు. స్తంభాల మీద రైలు తిరిగితే మెచ్చుకునేవాళ్ళు చాలామంది. దాని కింద బస్సు కోసం నిలబడేవాళ్ళను అడిగినోడు లేడు. మెట్రో వద్దని మనం అనడంలేదు. ముందు బస్సు, తర్వాతే స్తంభాలు అంటున్నాం.

కార్యకర్తలు ఈ డిమాండ్లు ప్రతి పల్లెలో చదివి వినిపించాలి:

1. కూలి వేళకు బస్సు కావాలి. తెల్లారుజామున పోయేది, పొద్దుగూకాక తిరిగొచ్చేది.
2. స్టాపు ఊరి నడిబొడ్డున మాత్రమే కాదు, మాలపల్లె, మాదిగపల్లె ముందర కూడా ఉండాలి.
3. ఫిరంగిపురం, నంబూరు స్టేషన్లకు చుట్టుపక్కల పల్లెల నుంచి రైలు వేళకు బస్సు కలపాలి.
4. రింగు రోడ్డు, రైలు ప్లాను పల్లెలో, తెలుగులో, ఆడోళ్ళ ముందు చదివి ఒప్పుదల తీసుకోవాలి.
5. అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా కట్టాలి.
6. 2013 ఉపప్రణాళిక చట్టం కింద మనకొచ్చే డబ్బును ఈ రోడ్ల లెక్కలో కలపొద్దు.

వచ్చే గ్రామసభలో ఈ కాగితం చేతబట్టుకుని నిలబడండి. మన పల్లె నుంచి ఎంతమంది ఏ వేళకు ఎక్కడికి పనికి పోతున్నారో మనమే ఇల్లిల్లూ తిరిగి రాసుకుందాం. ఆ లెక్క డిపో మేనేజరు బల్లమీద పెడదాం. వాళ్ళ ప్లానులో మనం లేకపోతే, మన ప్లాను వాళ్ళ ముందు పరుద్దాం.

ఊరి చెత్తకు దొరికిన దారి ఊరిని మోసే మనిషికి దొరికేదాకా ఊరుకోవద్దు!

జై భీమ్!