ఏది నాటు? ఎవరిది నాటు?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు, ఎక్కడైనా సరే, "నాటు వేశాడు" అంటే చాలు. సారా అన్న మాట పలకనక్కర్లేదు. నాడు అంటే దేశం. నాటు అంటే ఆ దేశానిది, మన నేలది. నాటుకోడికి ధర ఎక్కువ. మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే మాటకు మొరటు అని అర్థం.

ఈ పేర్లు ఎవరు పెడుతున్నారో చూడండి. చక్కెర మిల్లు మొలాసిస్‌తో మన దేశంలోనే స్పిరిట్ తీసి, రంగు కలిపి సీసాలో పోస్తే అది 'ఫారిన్ లిక్కర్'. 1980ల్లో సర్కారే సారా అమ్మినప్పుడు దాని పేరు 'వారుణి వాహిని'. ఖజానాకు డబ్బు తెచ్చేదానికి పురాణం పేరో, ఇంగ్లీషు పేరో. తేనిదానికి నాటు.

పోలవరం, బుట్టాయగూడెం కొండల్లో కోయలు, కొండరెడ్లు తాగేది జీలుగు కల్లు, ఇప్పసారా. చెట్టు పేరే దాని పేరు. ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, కుండలో కాచేది పండగకు, పెళ్లికి, పెద్దల దినానికి. సొంతానికి గీసుకునే కల్లు మీద చిగురుపన్ను వేసి, వసూలును గుత్తకిచ్చినందుకే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి.

మరి ఇవాళ నాటు పేరుతో క్యాన్లలో వచ్చేదేమిటి? నల్లబెల్లం ఊట, నవసారం. అందులో ఇప్పపువ్వు లేదు, మన పండగ లేదు. లాభం వ్యాపారిది, కేసు మన కుర్రాడిది, కాలిపోయే పేగులు మనవి. దాన్ని "మన సంప్రదాయం" అని వెనకేసుకొచ్చే మనవాళ్లను కూడా నిలదీయాలి. అమ్మకానికి కాచేది సంప్రదాయం కాదు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం ఆగింది. వాళ్లు పోరాడింది అమ్మే సారా మీద, ఇప్పచెట్టు మీద కాదు.

ఉపాధ్యాయులారా, ఈ రెండిటి తేడా తరగతిలో చెప్పండి. "ఏజెన్సీ వాళ్లంటే తాగుబోతులు" అని ఎవరైనా అంటే ఊరుకోకండి. యువకులారా, 1996 పెసా చట్టం మత్తు పానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకూ ఇచ్చింది. ఏది ఉండాలో, ఏది పోవాలో అక్కడ కూర్చుని మనమే తేల్చుదాం. బెల్లపు విషానికి మన నేల పేరు వద్దని మొదటి తీర్మానం చేద్దాం.