బీరువా వెనక చార్టులు: తోటి టీచర్లకు ఒక మనవి

పోయిన వేసవి సెలవుల్లో మా హైస్కూలుకి రంగులు వేయించడం కోసం స్టాఫ్‌రూములో ఇనప బీరువాని పక్కకి జరిపాం. దాని వెనక పురికొసతో కట్టిన చార్టుల చుట్ట ఒకటి బయటపడింది. విప్పబోతే సగం చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. చెదలు వదిలిపెట్టిన దాంట్లో ఒక మందారపువ్వు నిలువుకోత బొమ్మ ఉంది. కేసరాలకి ఒక రంగు, అండాశయానికి ఒక రంగు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. కింద మూలన చిన్నగా టీచరు పేరు, 1998 అని. ఆవిడ రిటైరై చాలా ఏళ్లయింది. ఆ మందారం మీద ఎన్ని రాత్రులు కూర్చున్నారో తెలీదు గానీ, దాన్ని చూసింది మాత్రం ఈ ఒక్క బడిలో, ఆ రెండు మూడేళ్లు చదివిన పిల్లలే. పక్క ఊళ్లో సైన్సు మాస్టారు అదే పువ్వుని మళ్లీ మొదట్నుంచీ గీసుకుని ఉంటారు.

ఇప్పుడు చార్టులు తగ్గాయి, ఫోన్లు వచ్చాయి. మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి ఎవరో ఒక మంచి వర్క్‌షీటు పెడతారు. పది నిమిషాల్లో ఇరవై చప్పట్లు, ఆరు దండాలు. తెల్లారేసరికి దాని మీద శుభోదయం పూలబొమ్మలు, డీఏ బకాయిల వార్తలు, ఎవరిదో పదవీ విరమణ సభ ఆహ్వానం. నెల తిరిగాక ఆ వర్క్‌షీటు కావాలంటే పంపినావిడ దగ్గరే ఉండదు, ఫోను మార్చేశారు. బీరువా మారింది, అంతే.

అందుకే ఈ మనవి. మీరు క్లాసు కోసం తయారుచేసేది ఏదైనా సరే, తెలుగులో చేయండి. వీలైతే పిల్లల చేత చేయించండి. చేసినదాన్ని ఎవరైనా వెతికి తీసుకోగలిగే చోట పెట్టండి. దీనికి కావలసిన పనిముట్లు ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. వాటిలో కరువల్లా మన తెలుగు సరుకే.

‘మళ్లీ యాపులా?’ అని మీరు అనేలోపు నేనే అంటాను. హాజరుకి ఒకటి, భోజనానికి ఒకటి, ఫొటోలు తీసి ఎక్కించడానికి ఇంకొన్ని. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే మొదటి పీరియడ్ పోగొట్టుకున్న రోజులు నాకూ ఉన్నాయి. అవి మనల్ని లెక్కలు అడిగే యాపులు. ఇంకో రకం చూసేవి: 2017లో వచ్చిన దీక్ష యాపులో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడు కొడితే వీడియో వస్తుంది, పిల్లలు కూర్చుని చూస్తారు. మంచిదే. నేను చెప్పబోయేవి మూడో రకం. వీటిలో పిల్లవాడు గానీ మనం గానీ ఏదో ఒకటి చేస్తే తప్ప తెర మీద ఏమీ జరగదు.

ముందుగా కథల సంగతి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు, స్టోరీవీవర్ అనే వేదిక తెరిచారు. బొమ్మల కథలు వందల భాషల్లో ఉన్నాయి. చదవొచ్చు, దింపుకోవచ్చు, ప్రింటు తీసి పిల్లలకి పంచొచ్చు. చదివే శక్తిని బట్టి నాలుగు మెట్లుగా విడదీశారు కాబట్టి, ఏడో తరగతిలో ఉండి ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లకి ఏది ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియంది ఏమిటంటే, అక్కడున్న ఏ కథనైనా మనం తెలుగు చేయొచ్చు. పేజీ పేజీకీ మూలం ఎదురుగా ఉంటుంది, పక్కన మనం రాసుకుంటూ పోవడమే. బొమ్మల భాండారం నుంచి బొమ్మలు ఎంచుకుని సొంత కథే కట్టొచ్చు. పుస్తకం మీద రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు, అనువదించినవారి పేరు ఉంటాయి. ఆ మూడో పేరు మీది కావాలని నా కోరిక.

పిల్లలతో కలిసి ఒక చిన్న కథ తెలుగు చేయడానికి మాకు మూడు రోజులు పట్టింది. పదహారు పేజీలు, పేజీకి రెండు వాక్యాలు. మొదటిరోజంతా ఒక్క వేరుశెనగ దగ్గరే ఆగిపోయాం. క్లాసులో అనంతపురం నుంచి వలసొచ్చిన పిల్లాడొకడు ఉన్నాడు, ‘చెనిక్కాయలు’ అనాలన్నాడు. హైదరాబాదులో అత్త ఉన్న పిల్ల ‘పల్లీలు’ అంది. మిగతావాళ్లు ‘వేరుశెనక్కాయలు’ అని అరిచారు. చేతులెత్తమంటే మెజారిటీ నెగ్గింది గానీ, అనంతపురం వాడి మొహం చూశాక చివరి పేజీలో చెట్టు కింద కూర్చున్న ముసలమ్మ నోట ‘చెనిక్కాయలు’ అనిపించాం. ఆ పూట నేను చెప్పిన భాషాపాఠం ఏమీ లేదు. వాళ్లే చెప్పుకున్నారు.

ఇంకో మాట. ఆంధ్రలో ఇప్పుడు పిల్లల పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నాయి. అలాంటి బళ్లో ఒకే కథ రెండు భాషల్లో చేతికి దొరకడం ఎంత ఆసరానో ఆరో తరగతికి చెప్పేవాళ్లకి నేను వివరించనక్కర్లేదు.

రెండోది స్క్రాచ్. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో జనానికి ఇచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లల నుంచీ వాడొచ్చు. రంగురంగుల దిమ్మల మీద ఆదేశాలు రాసి ఉంటాయి, ఒకదానికొకటి తగిలిస్తే తెర మీద బొమ్మ కదులుతుంది. ఒక్కసారి దింపుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది, మన బళ్లకి ఇది పెద్ద వరం. బొమ్మ పలికే మాటలు తెలుగులో టైపు చేయొచ్చు, పిల్లల గొంతే రికార్డు చేసి పెట్టొచ్చు.

మాది మిరప ఊరు. కంప్యూటరు గదిలో పనిచేసేవి నాలుగే, ఒక్కోదానికి ఐదారుగురు. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు ఆట తయారుచేశాడు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఎడమవైపు నుంచి మబ్బు వస్తుంది. అది కల్లం మీదకి చేరేలోపు స్పేస్ బటన్ నొక్కి పట్టా కప్పాలి. ఆలస్యమైతే కాయలు నల్లబడతాయి, మార్కులు పోతాయి. అంతా అయ్యాక నన్ను పిలిచి, ‘సార్, మబ్బు ప్రతిసారీ ఐదు సెకన్లకే వస్తోంది, ఆట తేలికైపోయింది’ అన్నాడు. మరేం చేద్దాం అన్నాను. ‘వాన మా నాన్నకి చెప్పి రాదు కదా సార్’ అని, ఒకటి నుంచి పది లోపు ఏదో ఒక అంకె దానంతటదే పడే దిమ్మని వెతికి తగిలించాడు. సంభావ్యత అనే మాట వాడి పుస్తకంలో ఇంకా రాలేదు. ఆ ఆటను ఇంటర్నెట్‌లో పెట్టాం. కల్లం, పట్టా, తాలుకాయ అనే మాటలున్న కంప్యూటరు ఆట నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

లెక్కల మాస్టార్లకి జియోజీబ్రా సంగతి చెప్పనక్కర్లేదనుకుంటా. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2001లో మొదలుపెట్టింది. ఒకే భూమి మీద, అవే రెండు సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానమని బోర్డు మీద సుద్దముక్కతో ఐదు త్రిభుజాలు గీసి చెబుతాం, పిల్లలు నమ్మినట్టు తలూపుతారు. ఇందులో పై శీర్షాన్ని వేలితో పట్టుకుని ఆ గీత మీద ఎటైనా లాగొచ్చు. త్రిభుజం సాగిపోతూ ఉంటుంది, పక్కనున్న వైశాల్యం అంకె కదలదు. మొదటిసారి చూసినప్పుడు మా పిల్ల ఒకతె, ‘పాడైపోయింది సార్, నంబరు మారట్లేదు’ అంది. సైన్సుకి ఇలాంటిదే ఫెట్. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. బ్యాటరీ, బల్బు, వైరు తెర మీద కలుపుకుంటూ పోవచ్చు, షార్టు సర్క్యూటు అయితే మంట కూడా వస్తుంది. ఎవరి చెయ్యీ కాలదు.

ఇక అక్షరాల గొడవ. మనలో చాలామంది ప్రశ్నపత్రాలు, నోట్సులు ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లలో టైపు చేయించాం. వాటిని ఇవాళ ఫోనులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, గూగుల్లో వెతికితే దొరకవు. తెలుగుకి యూనికోడులో 1991లోనే చోటు దక్కింది. అందులోనే టైపు చేయండి. లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఫోనులో మైకు బొమ్మ నొక్కి చెబితే అదే రాసుకుంటుంది, తప్పులు దిద్దుకుంటే చాలు. అందమైన ఫాంట్లు కూడా ఉచితంగానే ఉన్నాయి: మండలి, సురవరం, గురజాడ, రామభద్ర, గిడుగు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు పేరున్న అక్షరాలతో దయచేసి ‘విద్యార్థులు గైకొనవలసిన జాగ్రత్తలు’ అని రాయకండి.

పోస్టర్లు చేసుకునే ఫ్రీ వెబ్‌సైట్లతో ఒక్క జాగ్రత్త. ఒక ఆగస్టు 15కి ఓ సైటులో ముచ్చటగా బ్యానరు చేశాను. ఫ్లెక్సీ వచ్చాక చూస్తే ‘స్వాతంత్ర్య’లో ఒత్తులన్నీ విడిపోయి వరసగా నిలబడి ఉన్నాయి. సర్పంచిగారు దాని ముందే నిలబడి ప్రసంగించారు. అప్పట్నుంచీ ఏ పనిముట్టు చేతికొచ్చినా ముందు స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి అనే మూడు మాటలు టైపు చేసి చూస్తున్నాను. ఆ మూడూ సరిగా పడితే మిగతావన్నీ పడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు చేసిన వర్క్‌షీటు మీద ఏమీ రాయకుండా వదిలేస్తే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం అది తాళం వేసి ఉన్నట్టే లెక్క. పక్క జిల్లా టీచరు దాన్ని మార్చి వాడుకోవాలంటే అనుమతి కావాలి, అడగడానికి మీరెవరో వాళ్లకి తెలీదు. ఆ తాళం తీసే పద్ధతే క్రియేటివ్ కామన్స్. 2002 నుంచీ వాడుకలో ఉంది. ‘ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నా పేరు మాత్రం చెప్పాలి’ అన్నది అందులో అన్నిటికన్నా తేలికైన రకం, దాన్ని సీసీ బై అంటారు. స్టోరీవీవర్ కథలు ఉన్నది దాని కిందే. బొమ్మలు, ఫొటోలు, గొంతు రికార్డులైతే వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. అయితే మీది కానిది పెట్టకండి. సినిమా పాట, గైడు పేజీ, గూగుల్లో దొరికిన బొమ్మ మనం పంచిపెట్టేవి కావు. ఆ 1998 మందారం లాంటిది మీ దగ్గర ఉంటే మాత్రం, గీసినవాళ్లని ఒక మాట అడిగి, ఈ వారమే ఫొటో తీయండి.

ఫ్రీ అన్న ప్రతిదీ ఫ్రీ కాదని మీకు వేరే చెప్పాలా? ముప్ఫై రోజుల తర్వాత కార్డు నంబరు అడిగేవాటి జోలికి వెళ్లకండి. పిల్లల పేర్లతో, ఫోను నంబర్లతో ఖాతాలు తెరవొద్దు, టీచరు ఖాతా ఒక్కటి చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని అది చెబుతోంది. పిల్లలు చేసిన పని లోకానికి చూపించండి. వాళ్ల మొహాలు అక్కర్లేదు.

టీచర్లు కాని పాఠకులకూ ఒక మాట. ఊరి బడికి ఏదైనా చేద్దామనుకునేవాళ్లు ఫ్యాను మీదా బెంచీ మీదా పేరు రాయించుకోవడం చూస్తూనే ఉన్నాం. మీ ఆఫీసులో పక్కన పడేసిన రెండు ల్యాప్‌టాప్‌లు స్క్రాచ్‌కి సరిపోతాయి, వాటి మీద మీ పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా రాయిద్దాం. దూరదేశంలో ఉండి సాయం చేయాలనుకుంటే అనువాదాలు చదివి అచ్చుతప్పులు దిద్దండి. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి తరగతుల్లో కూర్చునే మీ పిల్లలకీ పేజీకి రెండు వాక్యాల తెలుగు కథలు కావాలి కదా. ఇక్కడి ఆరో తరగతి పిల్లలు చేసిన కథ అక్కడ చదవడానికి వీసా అక్కర్లేదు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు బళ్లో దండలు, ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ప్రతి బడి నుంచీ ఒక్కటంటే ఒక్కటి బయటికి రావాలని అడుగుతున్నాను. ఒక కథ గానీ, ఒక ఆట గానీ, చేత్తో గీసిన ఒక పువ్వు గానీ. కింద మీ పేరు, బడి పేరు, సంవత్సరం వేయండి. ఆ పక్కనే ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని రాయడం మరిచిపోకండి.