మర్జ్ పోయినా జుర్మానా పోదు

క్యాన్సర్‌కు ఇలాజ్ చేయించుకుని, షిఫా పొందిన మనిషి సఫర్ పెట్టుకుంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీలు చేస్తున్నది పచ్చి జుల్మ్. మా ఖాలాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఆరేళ్లు. కీమో ఎప్పుడో అయిపోయింది, రిపోర్టులన్నీ సాఫ్. డల్లస్‌లో కూతురి కాన్పుకు వెళ్లాలి. ఫారంలో ‘క్యాన్సర్ ఉందా, గతంలో వచ్చిందా’ అనే గడిలో ‘అవును’ అనగానే ఒక కంపెనీ వద్దు పొమ్మంది. ఇంకో కంపెనీ రెట్టింపు ప్రీమియం అడిగింది. పోనీ కడదామని షరతులు చదివితే, క్యాన్సర్‌కు సంబంధించిన ఖర్చు ఒక్క పైసా ఇవ్వరట! ఏ మర్జ్ పేరు చెప్పి ఎక్కువ గుంజుతున్నారో ఆ మర్జ్‌నే బయట పెట్టేశారు. ఇది బీమానా, జుర్మానానా?

ఏజెంట్ సలహా ఇంకా ఘోరం. “లేదని టిక్ పెట్టండి భాయ్, ఎవరు చూస్తారు?” చూస్తారు. ప్రీమియం తీసుకునేటప్పుడు చూడరు గానీ క్లెయిమ్ వచ్చిన రోజు పాత ఫైళ్లన్నీ తవ్వుతారు. ‘దాచారు’ అని పాలసీయే రద్దు చేస్తే అమెరికా ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు? మన ఇళ్లలోనూ ఈ జబ్బు పేరు ఎత్తడమే ఐబ్, ఆడపిల్లల రిష్తాలు చెడతాయని దాస్తాం. ఆ భయం మీదే ఈ ఏజెంట్ల కారోబార్.

రిస్క్ ఎక్కువైతే ధర ఎక్కువ, తప్పేముంది అంటారు. వాజిబ్ మాటే. మరి నిన్న కీమో ఎక్కించుకున్న మనిషికీ, ఆరేళ్లుగా సాఫ్‌గా ఉన్న మనిషికీ ఒకటే గడి ఎందుకు? డాక్టర్ సర్టిఫికెట్ చూడరెందుకు?

బ్రిటన్‌లో 2021 నుంచి ఒక కాయిదా ఉంది. జబ్బు వల్ల పాలసీ నిరాకరించినా, ఒక పరిమితికి మించి అదనంగా అడిగినా, అలాంటివాళ్లకు పాలసీలిచ్చే కంపెనీల జాబితా ఎక్కడుందో ఆ కంపెనీయే చెప్పాలి. మన ఐఆర్‌డీఏఐ దఫ్తర్ హైదరాబాద్‌లోనే ఉంది. 2024లో పాత జబ్బుల వెయిటింగ్‌ను 48 నెలల నుంచి 36కు తగ్గించింది, శుక్రియా. విదేశీ ప్రయాణ పాలసీలను మాత్రం పక్కన పెట్టేసింది. ఉమ్రా వీసాతో వచ్చే బీమా ఉందిగా అని నిశ్చింతగా ఉండకండి, అది ఎమర్జెన్సీల వరకే.

మీ ఇంట్లోవాళ్లకు పాలసీ ఇవ్వమంటే కారణం కాగితం మీద రాసి దస్తఖత్ చేసి ఇవ్వమనండి. ఇవ్వకపోతే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా 155255కు ఫోన్ చేయండి. ఫారంలో మాత్రం నిజమే రాయండి.