భిక్షాపాత్రలో అన్నం పెట్టిందెవరు?



మూసీ సుందరీకరణ పటం 55 కిలోమీటర్లు. పడమర మొదలు మా నార్సింగి, తూర్పు చివర గౌరెల్లి. ఇక్కడి టవర్లలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డుతోనే చరిత్ర మొదలు. కాస్త చదివినవాళ్ళు 1591 దాకా పోతారు. అంతకు వెయ్యేళ్ళ ముందే ఈ ఏటి ఒడ్డున బౌద్ధ విహారం ఉంది.

నది వెంబడే కిందికి పోతే చైతన్యపురి. అక్కడ ఫణిగిరి గుట్ట, నరసింహస్వామి గుడి, ఆ పక్కనే బండ మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం. 5వ శతాబ్దం, విష్ణుకుండినుల కాలం. నగరంలోని అతి పాత శాసనం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అందులో గోవిందరాజ విహారం పేరుంది.

మన పుస్తకాలు దాన్ని రాజుగారి ఖాతాలో వేసి ఊరుకున్నాయి. అందులోనే ఇంకో మాట ఉంది: పిండపాతిక. ఇంటింటికీ తిరిగి, పాత్రలో పడింది మాత్రమే తినే వ్రతం పట్టిన భిక్షువు. విందుకు పిలిచినా పోడు. ఈ వ్రతానికి తోడుగా మరొకటుంది, ఏ ఇల్లూ దాటెయ్యకుండా వరసగా తిరగడం. అంటరాని వాడలున్న దేశంలో ఆ మాట బరువెంతో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ భిక్షువులు మన తాతలని నేననను. శాసనం కులం చెప్పలేదు. లేనిది ఎక్కించే పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు, మనకొద్దు. నేనడిగేది, ఆ పాత్రలో అన్నం పెట్టిందెవరని. విహారానికి పేరు రాజుది, కూడు ఒడ్డున వెలిగిన పొయ్యిలది. తుమ్మలగూడెం రాగిరేకుల్లో గోవిందవర్మ తన రాణి కట్టించిన విహారానికి ఊళ్ళు రాసిచ్చాడు. ఆ ఊళ్ళలో దున్నినవాడి పేరు రేకుకెక్కలేదు. బౌద్ధమైతే మాత్రం ఏం, ఈ లెక్క అడగాల్సిందే.

2024లో అదే ఒడ్డున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఆ రాత చదవడానికి ఏ లిపి పండితుడూ అవసరం పడలేదు. తర్వాత కూల్చారు. ఏటి పక్క గుడిసె ఆక్రమణ, ఏరు కనిపించే ఫ్లాటుకి మాత్రం ధర ఎక్కువ!

రేపు నడకదారి వేసి ఆ బండ పక్కన బోర్డు పెడతారు, రాజు పేరుతో. అప్పటిదాకా ఆగొద్దు. బండకు రక్షణ, బోర్డు మీద పిండపాతిక అన్న మాట, ఇళ్ళు పోయినవాళ్ళకి పనికీ బడికీ నడిచిపోయే దూరంలో ఇల్లు. మూడూ ఒకే వినతిపత్రంలో రాద్దాం. చరిత్ర విద్యార్థులు శాసనం పాఠం చూసుకోండి. మిగతావాళ్ళు మూసానగర్ వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకురండి, వాళ్ళ మాటల్లోనే.