పతకం చూచి పెట్టె కొనకండి



ఛందస్సు చెప్పే రోజుల్లో పిల్లలకు పదేపదే ఒక మాట చెప్పేవాణ్ణి: గణాలు కుదిరినంతమాత్రాన పద్యం కాదు. అదే మాటను నేడు కంప్యూటరుకు విద్యుత్తునందించే పెట్టె విషయంలో చెప్పవలసి వస్తున్నది. అంగళ్లలో దానిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు.

తెలుగు పండితుడికి ఈ గొడవ దేనికంటారా? తెలుగు, తమిళ, కన్నడాలు కలిసే కుప్పం ప్రాంతపు పల్లెల్లో ఏళ్ల తరబడి సేకరించిన మాటలను నా కంప్యూటరులో చేర్చుకున్నాను. మదనపల్లెలో కొన్న పెట్టె, ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చిన క్షణాన పేలి, తనతోపాటు హార్డుడిస్కునూ తీసుకుపోయింది. నకలు తీసి ఉంచుకోకపోవడం నా తప్పే. ఆ పెట్టెమీద "450 వాట్లు" అని అచ్చువేసిన తప్పు మాత్రం నాది కాదు.

పుంగనూరులో మరమ్మతు పనులు చేసే పాత శిష్యుడొకడు దానిని విప్పి చూపాడు. అసలు భారమంతా మోయవలసిన 12 వోల్టుల తీగకు చీటీమీదే 15 ఆంపియర్లని ఉంది. హెచ్చిస్తే 180 వాట్లు! లోపలి పలకమీద విద్యుత్తును వడకట్టే తీగచుట్టకు చోటుంది, చుట్ట లేదు. దాని బదులు ముక్క తీగ అతికించారు. కెపాసిటర్లు 85 డిగ్రీలవి. వేడిని లాగవలసిన అల్యూమినియం రేకు అట్టముక్కంత పలుచన.

ఇది విన్నవారందరూ, "80 ప్లస్ ముద్ర ఉన్నది కొనవలసింది" అన్నారు. నా తగవు అక్కడే. 2004లో మొదలైన ఆ ముద్ర చెప్పేదేమిటి? 20, 50, 100 శాతం భారాల వద్ద, గోడనుండి తీసుకున్న విద్యుత్తులో కనీసం 80 శాతం కంప్యూటరుకు చేరుతుందని. 2008లో కంచు, వెండి, బంగారు తరగతులు చేరాయి. పరీక్ష జరిగేది 23 డిగ్రీల దరిదాపుల్లో. మన ఏప్రిల్ మధ్యాహ్నంలో కాదు. లోపలి అతుకులు ఎట్లున్నాయో, కెపాసిటరు ఎన్నేళ్లు మన్నుతుందో, షార్టయితే పెట్టె తనంతట తాను ఆగుతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. ముద్ర అబద్ధమని నేననడం లేదు. అది చెప్పని మాటను మనమే దాని నోట పెడుతున్నామంటున్నాను.

లెక్క చూడండి. 100 వాట్ల వాడకానికి 80 శాతం పెట్టె 125 వాట్లు లాగుతుంది, 90 శాతం పెట్టె 111. రోజుకు ఆరు గంటలు వాడితే ఏడాదికి మిగిలేది దాదాపు 30 యూనిట్లు. మంచిదే. కాని నాసిపెట్టె ఒకసారి పేలితే ఎన్నేళ్ల పొదుపు బూడిదవుతుందో ఎవరైనా లెక్కవేశారా?

పుంగనూరు ఆవు పొట్టిది, తక్కువ మేస్తుంది, చిక్కని పాలిస్తుంది. అయినా దానిని కొనే రైతు మేత లెక్క ఒక్కటే అడిగి పలుపు పట్టుకోడు. పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వేలు పోసి యంత్రం కొనే మనకు ఆపాటి వివేకం వద్దా?

"మంచివి ఖరీదు కదా" అనే మాట కొట్టివేయదగినది కాదు. అయితే ఎక్కువ వాట్ల అంకె కోసం, రంగుదీపాల కోసం పెట్టే డబ్బును తక్కువ వాట్ల గట్టి పెట్టెమీద పెట్టవచ్చు. మామూలు ఇంటి కంప్యూటరుకు నిజమైన 300 వాట్లు చాలు.

కాబట్టి అడగండి. 12 వోల్టుల తీగకు ఎన్ని ఆంపియర్లు? కెపాసిటర్లు 105 డిగ్రీలవేనా? వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. షార్టుకు, అధిక వోల్టేజికి రక్షణ ఉందా? వారంటీ ఎన్నేళ్లు? విప్పిచూచి పరీక్షించినవారి నివేదికలు చదవండి. మీరై విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఇంట్లో ఎర్తు సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి. ఆ లోపానికి పెట్టెను నిందించలేము.

జవాబు చెప్పలేని అంగడి మెట్లు దిగి వచ్చేయండి. పోయిన నా మాటలలో కొన్నింటిని మళ్లీ అడిగి రాసుకుంటున్నాను. అవి చెప్పిన ముసలివారిలో కొందరిప్పుడు లేరు.