కర్త లేని వార్తలు

2023 సెప్టెంబరు నెలాఖరులో విశాఖ వైఎంసీఏ బీచ్‌కి ఒక పెద్ద చెక్క పెట్టె కొట్టుకొచ్చింది, గుర్తుందా? వంద టన్నులుంటుందన్నారు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదన్నారు. లోపల నిధి ఉందేమోనన్నారు. పోలీసులొచ్చారు, పురావస్తు శాఖకి కబురెళ్లింది, జనం ఫోన్లు పైకెత్తి ఇసకలో నిలబడ్డారు. తీరా జేసీబీ పెట్టి విడగొడితే లోపల ఏమీ లేదు. అసలు 'లోపల' అనేదే లేదు. అది పెట్టె కాదు, దుంగలు పేర్చి బిగించిన దిమ్మ. 'ఓస్, ఇంతేనా' అనుకుని అందరూ ఇళ్లకెళ్లిపోయారు.

నా పేచీ అంతా ఆ 'ఇంతేనా' దగ్గరే. నిధి లేదని తేలాకే కదా అసలు వార్త మొదలవ్వాలి! ఓడకీ బెర్తుకీ మధ్య రాపిడి పడకుండా చెక్క తెప్పలు కట్టడం రేవు ఊళ్లలో వింతేం కాదు. ఇదీ అలాంటిదే అయితే ఎవరో ఒకరు దాన్ని కట్టారు, ఎవరో ఒకరు సరిగ్గా కట్టెయ్యలేదు. అలాంటి దిమ్మ చీకట్లో తేలుతూ వేటకెళ్లే ఫైబర్ తెప్పకి అడ్డం వస్తే ఆ తెప్పలో ఉన్న నలుగురి గతేంటి? నిధి కంటే ఈ ప్రశ్నే ఎక్కువ ఉత్కంఠగా లేదూ? కానీ 'పెట్టె కొట్టుకొచ్చింది' అన్న వాక్యంలో ఈ ప్రశ్నకి చోటే లేదు. పెట్టె తనంతట తానే బయల్దేరి, దారి వెతుక్కుంటూ మన ఊరొచ్చిందన్నమాట.

వింత వార్తల్ని చాలామంది మూఢనమ్మకాల కోణంలో తిడతారు. 2022 మేలో అసని తుఫానప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం వస్తే, బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారంటూ వాట్సాప్ నిండిపోయింది. దాన్ని చూసి మనం, అంటే పుస్తకాలు చదివేవాళ్లం, నవ్వుకున్నాం. నాకైతే బ్రహ్మంగారితో పెద్ద ఇబ్బంది లేదు. నాకు ఇబ్బంది క్రియాపదాలతో.

తెలుగులో క్రియలకి జంటలుంటాయి. తెగింది, తెంచారు. కాలింది, కాల్చారు. మునిగింది, ముంచారు. మోగలేదు, మోగించలేదు. మొదటి దానికి మనిషి అక్కర్లేదు. రెండో దానికి ఎవరో ఒకరుండాలి. మన పేపర్లు, చానళ్లు విశాఖ గురించి రాసే వార్తల్లో ఎక్కువ భాగం మొదటి రకం క్రియల మీదే నడుస్తాయి. ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ అవుతుంటాయి.

'సముద్రం ముందుకొచ్చింది' అనే వార్తే తీసుకోండి. ప్రతి వానాకాలం చదివేదే. కోతకి గురైన ఆర్కే బీచ్, పడిపోయిన గోడ, దాని ముందు నిలబడి అరుస్తున్న రిపోర్టరు. వెనకే 'సముద్రం వెనక్కి వెళ్లింది' అనే వార్త కూడా వస్తుంది. అదీ వింతే. నిజానికి ఇందులో తెలిసిన సంగతి చాలా ఉంది. మన తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకెళ్తుంటాయి. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాళ్లతో బ్రేక్‌వాటర్లు కట్టాక ఆ ఇసకకి అడ్డం పడింది. దక్షిణాన పోగవుతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌కి అందదు. అందుకే ఆగిపోయిన ఇసకని డ్రెడ్జర్లతో తవ్వి తెచ్చి ఇటువైపు పొయ్యాలి. దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటే ఇది. తుఫాన్ల పాత్ర ఉంది, కాదనను. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా చిన్నది: ఈ ఏడాది ఎంత ఇసక పోశారు, ఎప్పుడు పోశారు? 'సముద్రం ముందుకొచ్చింది' అనగానే ఈ ప్రశ్న అలల్లో కలిసిపోతుంది. సముద్రాన్ని పిలిచి సంజాయిషీ అడగలేం కదా.

మన కవులు దీనికి ఇంకాస్త సాయం చేస్తారు. తుఫాను వచ్చిన ప్రతిసారీ సముద్రాన్ని నిలదీస్తూ పుంఖానుపుంఖాలుగా కవితలొస్తాయి. ఓ సముద్రమా, ఎందుకింత కోపం నీకు అని. సముద్రానికి కోపం లేదు మహాప్రభో. కోపం రావాల్సింది మనకి.

కర్త తనంతట తాను ముందుకొచ్చిన వార్త ఒక్కటి గుర్తుంది నాకు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి నీళ్లలో తేలుతూ కనిపించింది. 'తెగింది' అని అందరూ రాసేశాక అధికారులు వివరణ ఇచ్చారు: అది తెగలేదు, లంగర్ల పటిష్టత చూడటానికి మేమే విడదీశాం. విశాఖ వార్తల చరిత్రలో ఇంత ఉత్సాహంగా 'మేమే చేశాం' అని ఎవరైనా ఒప్పుకోవడం అరుదు. దాని మీద మీములు బోలెడు వచ్చాయి. నేనూ నవ్వాను. అయితే నవ్వాక అడగాల్సింది ఒకటుంది. అలల తీరు చూసుకోకుండా, జనాన్ని ఎక్కించే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఎక్కించాక ఎందుకు చేశారు? మీము చూసి నవ్వడంతోనే మన వంతు అయిపోయిందనుకున్నాం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఎవరు చేశారో తెలియనప్పుడు 'జరిగింది' అని రాయడమే నిజాయితీ కదా, రిపోర్టరు ఊహించి రాయకూడదు కదా అని. మొదటి రోజు వరకూ ఒప్పుకుంటాను. కానీ ఈ జాగ్రత్త అందరి విషయంలోనూ ఒకేలా ఉందా?

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు తగలబడ్డాయి. తెల్లారేసరికి కర్త దొరికేశాడు. ఒక యూట్యూబర్ బోటులో పార్టీ చేసుకున్నాడట, వాడి వల్లేనట. పేరు, ఫొటో, పాత వీడియోలు, అన్నీ టీవీలకెక్కాయి. అప్పటిదాకా చెట్టు పేరు చెప్పడానికి కూడా జంకే యాంకర్లు వేలెత్తి చూపించారు. కొన్ని రోజులకి పోలీసులు ఇంకెవరినో అరెస్టు చేసి, ఆర్పకుండా పారేసిన సిగరెట్టు వల్ల నిప్పంటుకుందని చెప్పారు. యూట్యూబర్ కారణం కాదని తేలింది. మరి టీవీలో వేలెత్తినంత గట్టిగా ఆ వేలు దించారా?

అంటే మన వార్తలకి కర్తలంటే భయమేం లేదు, పెద్ద కర్తలంటేనే భయం. దొరికినవాడు కుర్రాడో, కూలీవాడో, చేపలమ్ముకునేవాడో అయితే వ్యాకరణం వెంటనే మారిపోతుంది. అయినా సిగరెట్టు ఎవరు పారేశారన్నది తేలినా సగం కథ మిగిలే ఉంటుంది. ఒక్క సిగరెట్టుకి 40 బోట్లు ఎలా కాలాయి? బోట్లలో డీజిలుంది, గ్యాస్ సిలిండర్లున్నాయి. ఒకదానికొకటి ఆనుకుని లంగరేసి ఉన్నాయి. బోటు విలువలో 80 శాతం పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, మంచిదే. ఒక బోటుకి అంటుకున్న మంట పక్క బోటుకి పోకుండా హార్బర్‌లో ఏం మార్చాలన్నది పరిహారం కంటే పెద్ద ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను మెచ్చుకునే అలవాట్లు తక్కువే గానీ ఒకటి మాత్రం మంచిది. సర్వర్ పడిపోతే 'పడిపోయింది' అని రాసి టికెట్ మూసెయ్యడానికి లేదు. ఎందుకు పడింది, ఏ మార్పు వల్ల, మళ్లీ పడకుండా ఏం చేస్తున్నాం, ఇవన్నీ రాయాలి. ఎవరినో ఉరితియ్యడానికి కాదు. సరిగ్గా చేస్తే ఆ రిపోర్టులో ఎవర్నీ తిట్టరు కూడా. కర్తని వెతకడమంటే దోషిని వెతకడం ఒక్కటే కాదు. మన వార్తలకి ఈ రెంటికీ తేడా తెలియదు. అందుకే అయితే కర్తే ఉండడు, లేకపోతే బలిపశువుంటాడు.

'ప్రతిదానికీ సీరియస్ ఏంటి బాసూ, వింత వార్త సరదాకి చదువుకోవాలి' అని మీరంటారు. సరదాకి నేను అడ్డుకాదు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ 'ఎంవీ మా' వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఇసకలో చిక్కుకుంటే ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగింది. బాగానే ఉంది. నా భయం వేరు. సరదా వార్తలతో అలవాటైన వ్యాకరణం చావు వార్తల్లోకి కూడా వచ్చేస్తుంది.

ఆ ఓడ రావడానికి ఐదు నెలల ముందు, 2020 మే 7 తెల్లవారుజామున, 'గ్యాస్ లీకైంది'. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వచ్చిన స్టైరిన్ ఆవిరికి 12 మంది చనిపోయారు. గ్యాస్ తనంతట తాను లీకవ్వలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. ట్యాంకులో వేడిని సరిగ్గా గమనించలేదు, స్టైరిన్ గట్టిపడకుండా ఆపే రసాయనం చాలినంత లేదు, సైరన్ మోగించలేదు. 'మోగలేదు' కాదు, 'మోగించలేదు'. ఒక్క అక్షరం తేడాలో నిద్రలో ఉన్న ఊరుంది. అయినా ఇవాళ్టికీ మనం మాట్లాడుకునేటప్పుడు 'గ్యాస్ లీకైనప్పుడు' అనే అంటాం.

'ఉక్కు ఫ్యాక్టరీకి నష్టాలొచ్చాయి' అనేది కూడా ఇలాంటి వాక్యమే. నష్టాలు జలుబులాగా వస్తాయా? 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ అది. దానికి సొంత ఇనుప గని లేదు. బైలదిల్లా ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద ఈ ఊరికే వస్తుంది. 1960ల్లో ఆ లైను వేసిందే ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి. ఖనిజం ఇంటి ముందు నుంచే వెళ్తుంటుంది, ఫ్యాక్టరీ మాత్రం కొనుక్కోవాలి. నష్టాలకి ఇదొక్కటే కారణం కాదు, విస్తరణకి తెచ్చిన అప్పులూ ఉన్నాయి. కానీ గని ఇవ్వకపోవడం ఎవరో తీసుకున్న నిర్ణయం, 2021 జనవరి 27న నూరు శాతం అమ్మేస్తామన్నదీ ఎవరో తీసుకున్న నిర్ణయం. ఆ ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో కార్మికులు వెయ్యి రోజులు దాటి దీక్షలు చేశారు. వాళ్లు అడిగింది ఒక రకంగా క్రియాపదం మార్చమనే: నష్టాలు 'వచ్చాయి' అనకండి, ఎవరు 'తెచ్చారో' చెప్పండి. చెక్క పెట్టెకి దొరికినంత కెమెరా వాళ్లకి దొరకలేదు.

ఈ ఊళ్లోనే రావిశాస్త్రి ఉండేవాడు. కోర్టులో వకీలు. సారా కేసంటే పేపర్లో రెండు లైన్లు: ఫలానా పేటలో సారా పట్టుబడింది. ఆ 'పట్టుబడింది' వెనక పట్టించినవాడెవడు, పట్టుకున్నవాడికెంత, వదిలేసినవాడికెంత అని అడుగుతూ పోయినవాడు 'ఆరు సారా కథలు' రాశాడు. సాహిత్యం వార్తకి చెయ్యగలిగిన పని అదే. మనం మాత్రం రావిశాస్త్రి మీద సభలు పెట్టి, సభలోంచి బయటికొచ్చి 'సముద్రం ముందుకొచ్చిందట' అని ఫార్వర్డ్ చేస్తున్నాం.

మళ్లీ తుఫాన్ల కాలం వస్తుంది. ఆర్కే బీచ్‌లో మళ్లీ ఏదో గోడ 'పడిపోతుంది'. అది షేర్ చేసే ముందు ఒక్క పని చెయ్యండి. ఈ ఏడాది ఇసక ఎంత పోశారో అడుగుతూ పైన ఒక లైను రాయండి. పోర్టుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలవుతుంది. బీచ్‌లో మసాలా వేరుశనగల పొట్లం కంటే ఎక్కువేం కాదు.