లెక్కపుస్తక మెవరిది?

ప్రజల సొత్తని చాటబడిన సంస్థ యొకనాడు విక్రయింపబడినచో అందలి ప్రజ లేమి చేయవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సహకార సంఘములలోను, ధర్మసంస్థలలోను, వాటాదారుల కంపెనీలలోను ఇది పలుమారులు పుట్టినదే. అయినను 2020వ సంవత్సరమున స్టీమ్ అను సాంఘిక జాలమునందు ఈ ప్రశ్న పుట్టిన రీతియు, దానికి అందలి జనులు కార్యరూపమున నొసగిన ప్రత్యుత్తరమును విచారింపదగినవి. తమ మాటలను, చిత్రములను, స్నేహములను, కొందరు ధనమును గూడ ఇట్టి జాలములయం దుంచుకొన్నవారు నేడు మన పట్టణములందును పల్లెలందును గూడ కలరు. కావున ఆ వృత్తాంతమును మన చదువరు లెరుగుట యుక్తము.

స్టీమ్ 2016వ సంవత్సరము మార్చి నెలలో ఆరంభింపబడెను. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనువారు దాని స్థాపకులు. ఒకరు వ్రాసిన వ్రాతను మెచ్చి ఇతరులు వోటు వేసినచో, ఆ జాలమునందే పుట్టు నాణెములు వ్రాసినవారికి బహుమానముగా లభించును. ఈ లెక్కలన్నియు బ్లాక్‌చెయిన్ అను గొలుసు పుస్తకమున నెక్కును. గ్రామమున లెక్క యంతయు ఒక్క కరణము చేతిలోనే యున్నయెడల ఊరంతయు ఆతని కలమునకు లోబడియుండవలసినదే. ఈ పద్ధతి యట్టిది కాదు. ఒకే పుస్తకమునకు అనేక ప్రతులు అనేకుల యంత్రములలో నుండును. మూడు సెకండ్ల కొక క్రొత్త పుట చేరుచుండును. ఆ పుటలను వ్రాయువారికి సాక్షులని పేరు. వారిలో 20 మందిని వోట్లచే నెన్నుకొందురు. 21వ స్థానము తక్కినవారికి వంతులవారిగ వచ్చుచుండును. అయితే ఇచట వోటు తల కొకటి గాదు. ఎవడెన్ని నాణెములను కట్టివేసి యుంచునో వాని వోటున కంత బలము. రోగబీజ మిందే యున్నది.

జాలమును నడుపుచుండిన స్టీమిట్ కంపెనీ తొలిదినములలోనే, ఇతరు లెక్కువగా చేరకమునుపే, పెద్ద నాణెముల రాశిని గడించుకొనెను. 2020 నాటికి అది మొత్తములో సుమారు అయిదవ వంతు. ఆ రాశిని జాలాభివృద్ధికే వినియోగింతుమనియు, సాక్షుల యెన్నికలో దానిని వాడమనియు కంపెనీవారు చెప్పుచు వచ్చిరి. జనులు నమ్మిరి. కాని ఆ వాగ్దానము గొలుసు పుస్తకమున నియమముగా వ్రాయబడలేదు. మాట మాటగనే నిలిచెను. 2017లో లారిమర్ తన దారిని తాను పోయెను. 2018 నవంబరులో కంపెనీ తన యుద్యోగులలో నూటికి 70 మందికి పైగా తొలగించెను. తుదకు 2020 ఫిబ్రవరి 14వ తేదీన, ట్రాన్ అను మరియొక జాలమును స్థాపించిన జస్టిన్ సన్ ఈ కంపెనీని గొనెనను వార్త వెలువడెను. కంపెనీతోపాటు నాణెముల రాశియు ఆతని వశమయ్యెను. నాలుగేండ్లు వ్రాసి, చదివి, ఆ జాలమునకు విలువ గల్పించిన జనులను సంప్రదించినవా రెవరును లేరు.

సాక్షులు కలతనొందిరి. అదే నెల నాలుగవ వారమున వారేకమై, కంపెనీ రాశి వోటు వేయకుండను, చేతులు మారకుండను దానిని తాత్కాలికముగ స్తంభింపజేసిరి. నాణెములను తీసికొనలేదు, కదలనీయలేదు. ఇది న్యాయమా యని యడుగక తప్పదు. తాను ధనమిచ్చి కొనిన సొత్తును, ముందుగా తెలుపనైన తెలుపక, ఏ న్యాయస్థానపు టుత్తరువును లేక బంధించుట అక్రమమని సన్ పక్షపు వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. నేడు ధనవంతుని సొత్తును బంధించిన చేయి రేపు సామాన్యుని సొత్తును గూడ బంధింపగలదు. పాతవాగ్దానమును నిలుపుటకే ఇట్లు చేసితిమని సాక్షులు చెప్పినను, ఆ వాగ్దానమును సకాలమున నియమముగా మార్చకుండుట వారి లోపమే యని మే మెంచుచున్నాము.

కాని దీనికి ప్రతిగా మార్చి 2వ తేదీన జరిగిన కార్యము ఏ వాదముచేతను సమర్థింపరానిది. బైనాన్స్, హువోబీ, పొలోనియెక్స్ అను మూడు నాణెముల మారక సంస్థలయందు ఖాతాదారులు భద్రమునకై యుంచుకొనిన నాణెములు కోట్లకొలది యుండెను. సొంతదారుల నడుగకయే ఆ నాణెములు వోట్లుగా మార్చబడెను. కొలది గంటలలో జనులెన్నుకొనిన 20 మంది సాక్షులును స్థానభ్రష్టులైరి, ఎవరు నెరుగని క్రొత్త పేర్లు వారి స్థానముల నాక్రమించెను, స్తంభనము తొలగెను. వోటునకై కట్టివేసిన నాణెములను మరల విడిపించుకొనుటకు వారమున కొక వంతు చొప్పున 13 వారములు పట్టును గనుక, ఖాతాదారుల సొమ్ము చిక్కులో బడెను. నిలువయుంచుమని రైతు ధాన్యము నప్పగించినచో, ఆ ధాన్యమును తనదిగా జూపి గాదె యజమాని పంచాయతీ యెన్నికలో నెగ్గవచ్చునా? అప్పగింత వేరు, అధికారము వేరు. ఆక్షేపణలు చెలరేగినంతట బైనాన్సును హువోబీయును తమ వోట్లను ఉపసంహరించుకొనెను. తప్పు దిద్దుకొనుట మంచిదే. కాని యది జరుగకపూర్వమే కార్యము నెరవేరిపోయెను.

జనులును ఊరకుండలేదు. చెల్లాచెదరుగనున్న చిన్నచిన్న వోట్లను గూడగట్టి తమ సాక్షులలో కొందరిని మరల నిలువబెట్టిరి. జాలపు మూలనియమములను మార్చుటకు 17 మంది సాక్షులు సమ్మతింపవలెను. ఏ పక్షమునకును అంత బలము చేకూరలేదు. సంప్రతింపులును ఫలింపలేదు. అప్పుడు వారవలంబించిన మార్గమే ఈ చరిత్రయందలి విశేషము. 2020 మార్చి 20వ తేదీన వారు గొలుసు పుస్తకమునకు యథాతథముగ ప్రతి తీసి, ఆ దినమునుండి హైవ్ అను పేర వేరుపుటలు వ్రాయనారంభించిరి. స్టీమునం దెవరికెన్ని నాణెములున్నవో హైవునందును వారి కన్ని లభించెను. పాతవ్రాతలు, పేర్లు, పరిచయములు అన్నియు వెంట వచ్చెను. కంపెనీ రాశికి సరియైన భాగము మాత్రము కంపెనీకి గాక సమాజ నిధికి జేరెను. స్ప్లింటర్‌లాండ్స్ అను ఆట, త్రీస్పీక్ అను చలనచిత్ర వేదిక మున్నగునవి క్రొత్తచోటికి తరలెను. కొనినవానికి కచేరి దక్కెను. ఊరిలో చాలభాగము లేచిపోయెను.

వెడలినవారి భయము వట్టిది కాదని రెండు మాసములలో తేటతెల్లమయ్యెను. 2020 మే 20వ తేదీన స్టీమ్ నియమములను మార్చి, 64 ఖాతాలనుండి సుమారు 2 కోట్ల 36 లక్షల నాణెములను సొంతదారుల యనుమతి లేకయే తీసివేసిరి. అప్పటి ధరనుబట్టి వాని విలువ సుమారు 50 లక్షల డాలర్లు. ఫిబ్రవరిలో బంధనము, మే నెలలో హరణము. ఈ రెంటికిని భేదము మిక్కిలి గలదు. అయినను మొదటిది రెండవదానికి త్రోవ జూపెననుటయు సత్యమే.

హైవ్ స్థాపకులను మేము నిర్దోషులని పొగడబోము. సన్ పక్షపు సాక్షులకు వోటు వేసినవారిలో కొందరికి గూడ వారు తొలుత భాగ మీయరైరి. అభిప్రాయభేదమునకు ఆస్తినష్టము శిక్షయైనచోట స్వేచ్ఛ కుంటుపడును. నాణెములనుబట్టి వోటు బలమను మూలపద్ధతి హైవునందును కొనసాగుచునే యున్నది. పెద్ద రాశి గలవాని మాట నేటికి నచట పెద్దదియే. కాని యొక విషయమున వారు తమ యనుభవమునుండి పాఠము నేర్చిరి. క్రొత్తగా కట్టివేసిన నాణెములు 30 దినములు గడచిన పిదపనే సాక్షుల యెన్నికలో లెక్కకు రావలెనని 2020 అక్టోబరులో నియమ మేర్పరచిరి. ఒక్క రాత్రిలో పరుల సొమ్ముతో పీఠ మెక్కుట ఇక సుకరము గాదు. ఏడాదికొకమారైన పునరుద్ధరింపనిచో వోటు చెల్లకుండ 2021లో మరియొక నియమము చేసిరి. నిద్రించుచున్న వోటుపై నిత్యాధికారము నిలువరాదని దీని భావము. వట్టి వాగ్దానములపై నిలిచినది కూలెను గనుక ఈమారు నియమమును నమ్ముకొనిరి.

నేడు లోకమున నెక్కువమంది వాడుచున్న సాంఘిక జాలములు ఒక్కొక్క కంపెనీ యధీనమందే యున్నవి. వానినుండి వెడలుట కెవరును అడ్డురారు. కాని వెడలువాడు తన వ్రాతల ప్రతిని మాత్రమే మూటగట్టుకొనగలడు, తన చదువరులను తీసికొనిపోలేడు. ఇల్లు విడువవచ్చును, ఊరు వెంటరాదు. స్టీమ్ జనులు ఊరితో సహా తరలగలిగిరన్న దానికి కారణము వారి శౌర్యము మాత్రమే కాదు. పుస్తకము బహిరంగమై యుండెను; దానిని నడుపు యంత్రసూత్రములును బహిరంగములై యుండెను; ప్రతి తీయుట ఎవరి యనుమతికిని లోబడి లేకుండెను. ఈ మూడును లేకున్న వారి యాగ్రహ మాగ్రహముగనే చల్లారి యుండెడిది.

కావున ఇట్టి జాలమున దేనియందైన ప్రవేశింపబోవు మన చదువరులు ముందుగా మూడు ప్రశ్నల నడుగవలెను. నేను వెడలునాడు నా లెక్కయు నా బంధువర్గమును నాతో వచ్చునా? నా సొమ్మును దాచువాడు దానితో నాకు మారుగ వోటు వేయగలడా? నడుపువా రిచ్చిన మాట నియమముగా వ్రాయబడినదా, లేక నోటిమాటయేనా? భూమిని కొనునపుడు దస్తావేజును, ఎల్లలను, తాకట్టులను విచారింపక రూక యీయని మనవారు, తమ మాటయు పరువును నిలువజేయు చోటును గూర్చి విచారింపకుండుట వింతగాక మరేమి? మా పొలమున కంచె యొకరిది, నీటికాలువ యొకరిది, పంట మాత్రము మాదని సంతోషించువానిని మన మేమందుము?

వెడలిపోవు హక్కు చిన్నది కాదు. ఆ హక్కు నిజముగ నున్నచోట ఉపయోగింపకయే అది పనిచేయును. ఏలువాడు తన ప్రజ లేచిపోగలరని యెరిగి యొదిగియుండును. వెడలిన పిదప తామే యేలువారైనపుడు, తాము తిట్టిన దోషములను తామే చేయకుండుట అంతకన్న కష్టము. హైవ్ జనులు మొదటి పరీక్షలో గెలిచిరి. రెండవది ఒక్కనాటితో ముగియునది కాదు. అందులో వారికి గెలుపు గలుగుగాక యని కోరుచున్నాము.